వైద్యవిజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

ఉద్దేశం

శాస్త్రవేత్త కనుగొన్న సత్యం అతని జీవితకాలంతో ముగిసిపోదు. తరతరాలుగా అది ఇతరుల చేతులలో పెరిగి, ఎక్కడెక్కడి రోగులకో మేలు చేస్తుంది. పేరు కోసం కాక ప్రజారోగ్యం కోసం శ్రమించిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని, ఆయన శాస్త్రసాధన నేటి రోగనిర్ణయ విధానాలకు తోడైన తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చికిత్సకు తొలిమెట్టు రోగనిర్ణయం. రోగమేదో తెలియకుండా ఇచ్చే మందు చీకటిలో విసిరిన రాయి వంటిది. ప్రాచీన భారతీయ వైద్యులు ఈ సత్యాన్ని చక్కగా గ్రహించారు. నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, నేత్రాలు, ఆకృతి అనే ఎనిమిదింటిని పరిశీలించి వ్యాధిని నిర్ణయించే అష్టస్థాన పరీక్షను వారు ఏర్పరచుకొన్నారు. మూత్రంపై నూనెబొట్టు వేసి, అది వ్యాపించే తీరును బట్టి రోగి స్థితిని ఊహించే తైలబిందు పరీక్ష కూడా వారికి తెలుసు. దేహంలోని ద్రవాలు దేహస్థితిని తెలుపగలవన్న ఆలోచన అందులో ఇమిడి ఉంది. అయితే ఆ ద్రవంలో ఏ పదార్థం ఎంత పరిమాణంలో ఉన్నదో కొలిచి చెప్పే సాధనం ఆనాటి వైద్యునికి లేదు. ఆ సాధనాన్ని ఇరవయ్యో శతాబ్దపు జీవరసాయన శాస్త్రం సమకూర్చింది. ఆ శాస్త్రాన్ని తీర్చిదిద్దిన మహనీయులలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

కొలత ఎంత అవసరమో ఒక ఉదాహరణ వల్ల తెలుస్తుంది. జనగామ ప్రాంతంలోనో, మహబూబాబాద్ తండాలలోనో, భూపాలపల్లి అడవి పల్లెలలోనో ఒక కష్టజీవికి కొన్ని వారాలుగా సాయంకాలపు జ్వరం, పొడిదగ్గు, ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలో పోటు ఉన్నాయనుకుందాం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తికి నీరు పట్టిందని తేలుతుంది. ఊపిరితిత్తిని కప్పి రెండు పలుచని పొరలు ఉంటాయి. వాటి నడుమ సహజంగా ఉండే ద్రవం మిక్కిలి స్వల్పం. వ్యాధి సోకినప్పుడు అది అధికంగా చేరి ఊపిరితిత్తిని అదిమివేస్తుంది. గుండె బలహీనపడినా, కాలేయం చెడినా, న్యుమోనియా వచ్చినా, క్యాన్సర్ సోకినా నీరు చేరవచ్చు. మన దేశంలో ఇందుకు ఒక ముఖ్య కారణం క్షయ. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు.

ఇక్కడే వైద్యునికి చిక్కు ఎదురవుతుంది. ఊపిరితిత్తి లోపల క్షయ ఉన్నప్పుడు తెమడలో సూక్ష్మజీవులు కనిపించే అవకాశం ఎక్కువ. పొరకు క్షయ సోకినప్పుడు అక్కడి నీటిలో అవి అతి తక్కువగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే నూటికి పదిమందిలోనైనా కనిపించవు. ప్రయోగశాలలో వాటిని పెంచి చూడాలంటే కొన్ని వారాలు పడుతుంది. శత్రువు కనిపించడు, గాయం మాత్రం కనిపిస్తుంది. అటువంటి సమయంలో ఆ నీటిలోని రసాయన పదార్థాలను కొలిచి, కంటికి కనిపించని రోగాన్ని గుర్తించే మార్గం నేడు మనకు లభించింది. ఈ మార్గం ఒక్కరు వేసినది కాదు. దానికి పునాదిరాళ్ళు ఎత్తినవారిలో సుబ్బారావు ఒకరు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం విడువవలసి రావడంతో ఆ కుటుంబం ఆర్థికంగా కుంగిపోయింది. రాజమండ్రిలో చదువుకొంటున్న బాలుని మనస్సు పుస్తకాలపై నిలువలేదు. కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న తలంపుతో పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి బయలుదేరాడని, తల్లి అతన్ని వెనుకకు రప్పించి మరల బడికి పంపిందని ఆయన జీవితకథ చెబుతుంది. చదువుతప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదని ఆ తల్లి నమ్మింది. ఆ నమ్మకం వెంటనే ఫలించలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో సుబ్బారావు రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూలులో చేరి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులయ్యారు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేశారు.

యౌవనంలో ఆయన మనస్సు ఆధ్యాత్మిక చింతన వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకొన్నారు. తల్లి అందుకు అంగీకరించలేదు. మఠంలోని పెద్దలు కూడా వైద్యవిద్య నేర్చి ప్రజలకు సేవ చేయడమే మేలని హితవు చెప్పారు. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అది స్వాతంత్ర్యోద్యమం ఉద్ధృతమవుతున్న కాలం. గాంధీజీ పిలుపునందుకొన్న సుబ్బారావు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది నచ్చలేదు. రాత పరీక్షలలో బాగా రాసినప్పటికీ సుబ్బారావుకు పూర్తి వైద్యపట్టాకు బదులుగా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ఆ కారణంగా ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశం దొరకలేదు. ధరించిన వస్త్రానికి ఆయన చెల్లించిన మూల్యం అది.

అంతకంటె దారుణమైన దెబ్బ ఇంటిలో తగిలింది. ఉష్ణమండల స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల వ్యవధిలోనే బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటికి పట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయే వ్యాధి అది. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దానికి తగిన మందు లేదు. వైద్యవిద్య చదివిన సుబ్బారావు సోదరుల ప్రాణాలను నిలుపుకోలేకపోయారు. తరువాత అదే వ్యాధి ఆయనకూ సోకింది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన మందులతో ఆయన కోలుకొన్నారు. ఆ తరువాత మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్ర అధ్యాపకులుగా పనిచేశారు. సంప్రదాయ ఔషధాలలో గుణమున్నదని ఆయనకు స్వానుభవం వల్ల తెలుసు. ఆ గుణం ఏ పదార్థంలో ఉన్నదో, అది దేహంలో ఎట్లా పనిచేస్తుందో ఆధునిక పద్ధతులతో తేల్చాలన్న పట్టుదల ఆయనలో పెరిగింది. సోదరులను కబళించిన వ్యాధికి మందు కనుగొనాలన్న సంకల్పం ఆ పట్టుదలకు ప్రాణం పోసింది.

1919లో ఆయనకు శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా తోడ్పడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా సహాయానికి ముందుకు వచ్చింది. ఆ అండతో 1920ల తొలినాళ్ళలో సుబ్బారావు అమెరికాకు ప్రయాణమై బోస్టన్ నగరం చేరారు. భార్యను స్వదేశంలోనే విడిచి వెళ్ళారు. త్వరలో తిరిగి రావాలన్నదే ఆయన తలంపు. కాని ఆయన మరల మాతృభూమిపై అడుగుపెట్టలేదు. పుట్టిన కుమారుణ్ణి కన్నులారా చూడకుండానే శైశవంలో ఆ బిడ్డ మరణించిన వార్తను దూరదేశంలో విన్నారు. శాస్త్రం కోసం ఆయన చేసిన త్యాగంలో ఆ ఇల్లాలి త్యాగానికి కూడా సమాన భాగముంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాస్త్రంలో ఆయన డిప్లొమా పొందారు. చేతిలో డబ్బు లేదు. రాత్రివేళ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచే పనికి కుదిరారు. పగలు విద్యార్థి, రాత్రి సేవకుడు. ఏ పనినీ ఆయన నీచంగా భావించలేదు. అనంతరం హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన ఆరంభించారు.

ఫిస్క్ ఆయనకు అప్పగించిన పని దేహద్రవాలలో భాస్వరాన్ని కొలిచే సులభమైన విధానాన్ని రూపొందించడం. భాస్వరమంటే ఫాస్ఫరస్. ఎముకల గట్టిదనానికి, జీవకణాల పనికి అది అత్యవసరం. రక్తంలో దాని పరిమాణం మారితే మూత్రపిండాలలోనో, ఎముకలలోనో, గ్రంథులలోనో లోపమున్నదని వైద్యుడు అనుమానించవచ్చు. అప్పటికి ఉన్న పద్ధతులలో కొన్ని లోపాలు ఉండేవి. రంగు నిలకడగా ఉండేది కాదు. ద్రవంలోని ఇతర పదార్థాలు కొలతను చెడగొట్టేవి. ఫిస్క్, సుబ్బారావులు ఆ చిక్కులను ఒక్కొక్కటిగా విడదీశారు. ముందుగా రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో వేరుచేశారు. మిగిలిన తేటద్రవానికి అమ్మోనియం మాలిబ్డేట్‌ను కలిపారు. దానిని క్షయకరణం చెందించే సరైన రసాయనాన్ని వెదికి పట్టుకొన్నారు. అప్పుడు ద్రవం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలిమ అంత చిక్కబడుతుంది. తెలిసిన పరిమాణం గల ద్రవంతో ఆ రంగును పోల్చితే తెలియని పరిమాణం తేలిపోతుంది. 1925లో ప్రచురితమైన ఈ విధానం ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. జీవరసాయన శాస్త్ర పాఠ్యగ్రంథాలలో అది స్థిరమైన స్థానం సంపాదించుకొన్నది. చేతికి చిక్కని పదార్థాన్ని కంటికి కనిపించే రంగుగా మార్చి, ఆ రంగును సంఖ్యగా మార్చడం ఈ పద్ధతి సారాంశం.

ఆ పద్ధతే మరొక మహావిష్కరణకు దారి తీసింది. కండరాల నుండి తీసిన ద్రవంలో భాస్వరాన్ని కొలుస్తున్నప్పుడు ఒక వింత కనిపించింది. రంగు వెంటనే పూర్తిగా రావలసి ఉండగా, కాలం గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడసాగింది. మరొకరైతే దానిని పరికరాల లోపంగా భావించి ఊరుకొనేవారేమో! సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో భాస్వరం ఒక సున్నితమైన సమ్మేళనంగా ఉన్నదని, పరీక్షలో వాడిన ఆమ్లం తగిలి అది నెమ్మదిగా విడిపోతున్నదని తేలింది. ఆ సమ్మేళనమే ఫాస్ఫోక్రియేటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతి పొందినప్పుడు మరల చేరుతుందని వారు 1927లో ప్రకటించారు. 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే మరో పదార్థాన్ని గుర్తించారు. సంక్షేపంగా దానిని ఎ.టి.పి. అంటారు. జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. ఎడినోసిన్ అనే అణువుకు మూడు ఫాస్ఫేట్లు చేరితే ఎ.టి.పి. ఏర్పడుతుంది. చేయి కదపడానికి, గుండె కొట్టుకోవడానికి, మెదడు ఆలోచించడానికి కావలసిన శక్తిని ప్రతి జీవకణానికి అందించే నాణెం ఇదేనని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రలోకం అంతవరకు భావిస్తూ వచ్చింది. ఈ ఆవిష్కరణలతో ఆ భావన కదిలిపోయింది.

ఇంతటి కృషికి తగిన గుర్తింపు సుబ్బారావుకు దక్కలేదు. 1930లో పిహెచ్.డి. పట్టం వచ్చింది కాని హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు వెలుగు చూడలేదు. అవి ప్రచురితం కాకపోవడానికి ఫిస్క్ అసూయే కారణమని, వాటిని ఇతరులు కొన్నేళ్ళ తరువాత మరల కనుగొనవలసి వచ్చిందని హార్వర్డ్‌లో ఆయన సహచరుడైన జార్జ్ హిచింగ్స్ దశాబ్దాల అనంతరం వెల్లడించారు. ఆ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకొన్న శాస్త్రవేత్త. సుబ్బారావు మాత్రం ఎవరినీ నిందించలేదు. తనకు రావలసిన పేరు కోసం వాదులాడలేదు. పని చేసుకొనే చోటు వెదుక్కొన్నారు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనల సంచాలకులయ్యారు. అక్కడ గడిపిన ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వాన వెలువడిన ఔషధాలు ఒక మనిషి జీవితానికి మించినవి. వాటిలో మొదట చెప్పదగినది ఫోలిక్ ఆమ్లం. కాలేయంలోను, ఆకుకూరలలోను స్వల్పంగా ఉండే ఈ విటమినును వేరుచేసి, 1945 నాటికి ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేయడంలో ఆయన బృందం కృతకృత్యమైంది. స్ప్రూ వ్యాధిలో కలిగే రక్తహీనతను అది నయం చేసింది. సోదరుల మరణానంతరం ఆయన చేసుకొన్న సంకల్పం పాతికేళ్ళకు ఆ విధంగా నెరవేరింది. ఆ మందు ఆ సోదరులకు అందలేదు. లోకంలోని అసంఖ్యాకులకు అందింది. నేడు గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన ఎమినాప్టెరిన్‌ను బోస్టన్‌కు చెందిన సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేయడాన్ని గమనించి 1948లో ప్రకటించారు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స చేయవచ్చన్న ఆశకు అది నాంది అయింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌లోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధిని అరికట్టే హెట్రజాన్ 1947లో వెలుగు చూసింది. డై ఇథైల్ కార్బమజైన్ అనే ఆ మందునే 2004 నుండి మన దేశంలో బోదకాలు పీడిత జిల్లాల ప్రజలకు ఇంటింటా పంచుతున్నారు. బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి పరిచయమైంది. టెట్రాసైక్లిన్ వర్గపు తొలి ఔషధమది. ఆ పరిశోధనలకు సారథ్యం సుబ్బారావుదే. అయినా ప్రకటనల సమయంలో ఆయన వెనుక నిలిచి, సహచరులనే ముందు నిలిపేవారు.

1948 ఆగస్టు 8వ తేదీన పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేళ్ళు. స్వదేశం స్వతంత్రమై ఏడాది కూడా నిండలేదు. పాతికేళ్ళు అమెరికాలో నివసించినప్పటికీ ఆ దేశ పౌరసత్వం ఆయనకు లేదు. నోబెల్ బహుమతి రాలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయనను లోకం ఆలస్యంగా గుర్తించింది. పూర్తిగా గుర్తించిందని ఇప్పటికీ చెప్పలేము.

సుబ్బారావు కనుగొన్న ఔషధాలు అనేక వ్యాధులను జయించాయి గాని క్షయను జయించలేదు. ఆరియోమైసిన్‌కు క్షయ సూక్ష్మజీవి లొంగలేదు. అయినా క్షయ నిర్ణయంలో ఆయన శాస్త్రమార్గం ఎట్లా తోడ్పడుతున్నదో చూద్దాం. ఎ.టి.పి.లో ఎడినోసిన్ ఉన్నదని చెప్పుకొన్నాము. దేహంలో ఎడినోసిన్‌ను మార్చే ఒక ఎంజైము ఉంది. దాని పేరు ఎడినోసిన్ డీఎమినేజ్, సంక్షేపంగా ఎ.డి.ఎ. అంటారు. వ్యాధితో పోరాడే తెల్లరక్తకణాలలో, ముఖ్యంగా లింఫోసైట్లలో అది విస్తారంగా ఉంటుంది. ఊపిరితిత్తి పొరకు క్షయ సోకినప్పుడు ఆ కణాలు అక్కడికి దండుగా తరలివస్తాయి. వాటితోపాటు పొరల నడుమ చేరిన నీటిలో ఎ.డి.ఎ. పెరుగుతుంది. శత్రువు కనిపించకపోయినా, అతనిపై కదలిన సైన్యం ఆనవాలు చిక్కినట్లే. ఇటలీ శాస్త్రవేత్తలు 1978లో ఈ విషయాన్ని ప్రకటించారు.

ఈ ఎంజైమును కొలిచే ప్రసిద్ధ విధానాలలో ఒకటి రంగుపైనే ఆధారపడింది. రోగి నుండి తీసిన నీటికి ఎడినోసిన్ కలుపుతారు. ఎ.డి.ఎ. ఉన్నట్లయితే ఎడినోసిన్ నుండి అమోనియా విడుదలవుతుంది. ఆ అమోనియాకు తగిన రసాయనాలు చేరిస్తే ద్రవం నీలంగా మారుతుంది. నీలిమ గాఢతను బట్టి ఎంజైము పరిమాణం లెక్కిస్తారు. ఈ పరీక్షను సుబ్బారావు రూపొందించలేదు. ఇందులో కొలిచేది భాస్వరమూ కాదు. కాని కనిపించని పదార్థాన్ని రంగుగా, రంగును సంఖ్యగా మార్చే మార్గం ఒక్కటే. 1925లో ఆయన నడిచిన బాట అది. లీటరుకు 40 యూనిట్లకు మించి ఎ.డి.ఎ. ఉండి, కణాలలో లింఫోసైట్లే అధికంగా ఉంటే, మన దేశం వంటి క్షయపీడిత దేశంలో వైద్యులు క్షయను బలంగా అనుమానిస్తారు.

అయితే ఒక్క సంఖ్యను నమ్మి తీర్పు చెప్పడం తగదు. చీము చేరినప్పుడు, కొన్నిరకాల కీళ్ళవాతంలో, లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌లో కూడా ఎ.డి.ఎ. పెరుగుతుంది. అందువల్ల ఆ నీటిలోని మాంసకృత్తులను, గ్లూకోజును, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే మరొక ఎంజైమును కూడా కొలుస్తారు. మాంసకృత్తులను, ఆ ఎంజైమును రక్తంలోని పరిమాణాలతో పోల్చి, నీరు పొరల వాపు వల్ల వచ్చినదా లేక గుండె, కాలేయాల బలహీనత వల్ల వచ్చినదా అని వేరుచేసే పద్ధతిని 1972లో రిచర్డ్ లైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రతిపాదించారు. సూక్ష్మజీవి జన్యువును గుర్తించే నూతన పరీక్షలు నేడు ఉన్నాయి. కాని ఈ నీటిలో సూక్ష్మజీవులు స్వల్పం కావడం వల్ల అవి కూడా తరచు విఫలమవుతాయి. రోగి లక్షణాలను, ఎక్స్‌రేను, కణాల లెక్కను, రసాయనాల కొలతలను కలిపి చూడగలవాడే నిజమైన వైద్యుడు. ఎనిమిది స్థానాలను పరిశీలించిన ప్రాచీన వైద్యుని వివేకం ఇక్కడ మరల మనకు గుర్తుకు వస్తుంది.

సకాలంలో క్షయను గుర్తిస్తే సాధారణంగా ఆరు నెలల మందులతో అది నయమవుతుంది. ఆ మందులను ప్రభుత్వం జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నది. గుర్తించడంలో ఆలస్యమైతే పొర మందమై ఊపిరితిత్తి కుంచించుకుపోవచ్చు; రోగి పనిచేసే శక్తిని కోల్పోవచ్చు. క్షయ కానిదానిని క్షయగా పొరబడితే అనవసరమైన మందులు మింగడమే కాక, లోపలి క్యాన్సర్ వంటి అసలు వ్యాధి ముదిరిపోతుంది. కూలికి వెళ్తేగాని పూట గడవని కుటుంబానికి రోగనిర్ణయంలో ఒక నెల ఆలస్యం ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

పోతన పుట్టిన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి గల జనగామ ప్రాంతం, గిరిజన తండాలు విస్తరించిన మహబూబాబాద్, బొగ్గుగనుల భూపాలపల్లి ఒకనాడు వరంగల్లు జిల్లాలో భాగాలు. 2016లో అవి వేరువేరు జిల్లాల కేంద్రాలయ్యాయి. 2022లో మహబూబాబాద్‌లోను, 2023లో జనగామ, భూపాలపల్లిలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. అక్కడి జీవరసాయన శాస్త్ర విభాగాలలో చదువుకొనే విద్యార్థులు ఫిస్క్-సుబ్బారావు అన్న పేరును పాఠ్యగ్రంథాలలో తప్పక చూస్తారు. రెండుసార్లు మెట్రిక్యులేషన్ తప్పిన భీమవరం బాలుని పేరే అదని వారికి తెలియడం అవసరం.

ఓటమి సుబ్బారావును అడుగడుగునా పలుకరించింది. పరీక్ష తప్పారు, పట్టా తగ్గింది, ఉద్యోగం దక్కలేదు, సోదరులు, కుమారుడు మరణించారు, చేసిన పనికి పేరు ఇతరులకు పోయింది. ఆయన వాటిని లెక్కించుకొంటూ కూర్చోలేదు. దేహద్రవంలో రంగు ఆలస్యంగా ఎందుకు వస్తున్నదన్న చిన్న ప్రశ్నను విడువకుండా పట్టుకొన్నారు. ఆ ప్రశ్నే ప్రాణశక్తి రహస్యం దాకా ఆయనను నడిపించింది. సన్యాసం కోరిన యువకుడు కాషాయం కట్టకుండానే తపస్వి అయ్యారు. చిన్న విషయాన్ని శ్రద్ధగా చూడడం, కొలిచి నిర్ధారించుకోవడం, ఫలితాన్ని లోకానికి ఇచ్చి తాను వెనుక నిలవడం ఆయన జీవితం మనకు నేర్పే పాఠాలు.

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సుబ్బారావు ఎదుర్కొన్న కష్టాలను, వాటిని అధిగమించిన తీరును వివరించండి.
2. దేహద్రవాల పరీక్ష రోగనిర్ణయానికి తోడ్పడే విధానాన్ని పాఠం ఆధారంగా తెలపండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఫాస్ఫోక్రియేటిన్ ఆవిష్కరణకు దారితీసిన పరిశీలన ఏది?
2. ఫోలిక్ ఆమ్లానికి, సుబ్బారావు సోదరుల మరణానికి గల సంబంధం ఏమిటి?
3. ఒక్క ఎ.డి.ఎ. పరీక్షతోనే క్షయను నిర్ధారించడం ఎందుకు తగదు?